‘ఇల్లు’ ఎవరి మాట?

పూర్వపక్షి: ‘ఇల్’, ‘ఇల్లం’ సంగకాలపు (తొలి సాహిత్యం నాటి) తమిళంలోనే ఉన్నాయి. తెలుగుకి రాత ఆధారాలు ఆ తర్వాతివే. కాబట్టి ‘ఇల్లు’ మనకు తమిళం నుంచి వచ్చిందనడమే సబబు.

సిద్ధాంతి: ముందు రాతకెక్కినంత మాత్రాన ముందు పుట్టినట్టు కాదండీ. అరకు వైపు కొండదొరల భాషలో ఇది ‘ఇలు’, ఒడిశా కువిలో ‘ఇల్లు’, ఆదిలాబాద్ కొలామిలో ‘ఎల్ల’. ఆ కొండలకు తమిళం ఏ దారిన పోయిందంటారు? బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (రెండో కూర్పు, 1984) 494వ ఆరోపం (నిఘంటువులో ఒక్కో పదానికిచ్చే పద్దు) కింద వీటన్నిటినీ ఒక్కచోట చేర్చింది. ఇది ఉమ్మడి ఆస్తి, అప్పు కాదు.

పూర్వపక్షి: ఆ కొండ భాషలకు తెలుగే ఇచ్చి ఉండొచ్చుగా? పక్కపక్కనే ఉన్నవాళ్లు.

సిద్ధాంతి: సరే, కొండ దిగి తెలుగులోకే వద్దాం. విభక్తి తగిలితే ‘ఇల్లు’ ‘ఇంటికి’ అవుతుంది. విల్లు–వింటికి, ముల్లు–ముంటికి, ఒళ్లు–ఒంటికి, అన్నీ అదే వరస. అరువు మాట ఈ వరసలో నడవదు. ‘బిల్లుకి డబ్బు కట్టాం’ అంటాం, ‘బింటికి’ అనం. బహువచనం కూడా చూడండి: పాత ‘ఇండ్లు’ తెలంగాణలో నిక్షేపంగా ఉంది, అక్కడి ప్రభుత్వ పథకం పేరే ఇందిరమ్మ ఇండ్లు. కోస్తాలో అదే ‘ఇళ్లు’ అయింది.

పూర్వపక్షి: ‘జల్లు’ కూడా అచ్చ తెలుగే. ‘జల్లుకి తడిశాం’ అంటాం, ‘జంటికి’ అనం. మీ పరీక్ష బెడిసింది.

సిద్ధాంతి: బెడియలేదు. మారని మాటల్లో దేశ్యాలూ ఉంటాయి, అరువులూ ఉంటాయి. వాటి విషయంలో ఈ పరీక్ష ఏదీ తేల్చదు. మారేవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, అన్నీ పాత కాపులే. పైగా తమిళుల ఇవాళ్టి వాడుక మాట ‘వీడు’. కన్నడిగులది ‘మనె’. మలయాళంలో ‘ఇల్లం’ అంటే నంబూదిరి బ్రాహ్మణుల ఇల్లు. దక్షిణాది పెద్ద భాషల్లో దీన్ని రోజువారీ మాటగా నిలబెట్టుకున్నది తెలుగే! వాకిలి, ముంగిలి, లోగిలి చివర ఉన్నదీ ఇల్లే.

పూర్వపక్షి: అరువు వాదన వదులుకుంటాను గానీ, ఇది ఒప్పుకోను. ఇల్లే అయితే మీ వరస ప్రకారం ‘వాకింట’ రావాలి. వస్తున్నది ‘వాకిట’, ‘ముంగిట’. కౌగిలి కూడా ‘కౌగిట’ అవుతుంది. కౌగిలిలో ఇల్లెక్కడుంది?

సిద్ధాంతి: తమిళ ‘వాయిల్’ని వాయ్, ఇల్ అని విడదీస్తారు కదా, ఇంటి నోరని.

పూర్వపక్షి: అందులో ‘క’ లేదు. మన వాకిలిలో ఉంది, కన్నడ ‘బాగిలు’లో ‘గ’ ఉంది. అది ఎక్కడిదో చెప్పండి.

సిద్ధాంతి: కౌగిలి దెబ్బ గట్టిదే. ఆ ‘క’ సంగతి తేలేదాకా వాకిలికి ఇల్లు అంటగట్టను. ‘ఇల్లాలు’ని మాత్రం వదలను. ఇల్లు, ఆలు రెండూ విడివిడిగా తెలుగులో ఉన్నాయి, మధ్యలో లెక్కకు రాని అక్షరం ఒక్కటీ లేదు.