ఆనపకాయకు బహిరంగ లేఖ (సొరకాయ అనేవాళ్ళు కూడా చదవొచ్చు)

మహారాజశ్రీ ఆనపకాయ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా పెద్దవాళ్ళ పద్ధతి గానీ, నీ కుశలం అడిగే ముఖం నాకు లేదు, ఎందుకో చివర్లో చెప్తాను. గారూ, మీరూ కూడా ఇక్కడితో ఆపేస్తున్నాను. విజయనగరం దగ్గర మా పెరట్లో పాక మీదకి పాకి, సాయంత్రానికి తెల్లటి పూలు పూసి, తాటాకు కప్పు మీద బోర్లా పడుకునే నిన్ను బుద్ధి తెలిసినప్పటినుంచీ చూస్తున్నాను, నీకు బహువచనం పెడితే మా అమ్మ నవ్వుతుంది.

సంక్రాంతికి ఊరెళ్ళి తిరిగొస్తుంటే అమ్మ కారు డిక్కీలో అరిసెలు, జంతికలు, కొబ్బరికాయలతో పాటు నిన్నూ నీ తోబుట్టువుల్నీ కలిపి ఐదుగురిని పడుకోబెట్టింది. వద్దమ్మా అంటే వినలేదు, హైదరాబాదులో డబ్బులిచ్చి కొనుక్కుంటావా అంది. టోల్‌గేట్ల దగ్గర లైన్లలో నిలబడి నిలబడి ఇంటికి చేరేసరికి తెల్లారింది. ఇద్దరు మనుషులం, ఐదు కాయలు. రెండు ఉంచుకుని, మూడు కింద సెక్యూరిటీ గది దగ్గర ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టి, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక ముక్క రాశాను: "ఊరి నుంచి వచ్చిన ఆనపకాయలు మూడు ఉన్నాయి, మందు కొట్టనివి, కావలసినవాళ్ళు తీసుకోండి."

అంతే రాశాను. అందులో రాజకీయం లేదు, కులం లేదు, ఏ హీరో కలెక్షన్లూ లేవు, పార్కింగ్ గొడవ కూడా లేదు. రాత్రికి నూట నలభై మెసేజ్‌లు.

మొదటిది 304 ఆంటీ గారిది. "సొరకాయ అంటారండీ దాన్ని." పక్కన చేతులు జోడించిన బొమ్మ. కావాలి అనలేదు, వద్దు అనలేదు, అంటారండీ అని మాత్రం అన్నారు. 502లో ఉండే కాకినాడ ఆయన వెంటనే అందుకున్నాడు, "మా వైపు సొర అంటే చేపండి, కూరగాయ కాదు" అని. సముద్రం పక్కన పుట్టినవాడికి సొర అంటే పిట్టు గుర్తొస్తుంది గానీ పప్పు గుర్తొస్తుందా, అతని బాధ నాకు అర్థమైంది. ఈలోగా ఎవరో మధ్యలో దూరి, సొర అనేది తెలంగాణ మాట, ఆనప అనేది ఆంధ్రా మాట, ఇందులో వాదించడానికి ఏముంది అని పెద్దమనిషి తీర్పు ఇచ్చారు. అసలు మంట అక్కడ అంటుకుంది. ఎందుకంటే 304 ఆంటీ గారిది గుంటూరు పక్క పల్లెటూరు. తను పుట్టినప్పటినుంచీ అంటున్న మాటని ఎవరో తీసుకెళ్ళి ఇంకో రాష్ట్రంలో కలిపేస్తే ఆవిడ ఏ గట్టున నిలబడాలి?

నిజానికి ఆ తీర్పు తప్పని తేలిపోవడానికి మా ఇంట్లోనే సాక్ష్యం ఉంది. మా ఆవిడది కరీంనగర్. తను సోరకాయ అంటుంది, దీర్ఘం తీసి మరీ. ఈ గొడవలో తన పక్షానికి బలం కోసం వాళ్ళమ్మకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. అత్తయ్య గారు రెండు క్షణాలు ఆలోచించి, "ఆనిగెపుకాయ గదా బిడ్డా అది, సోరకాయ అని మీరు పట్నం పోయినంక అంటున్నరు" అన్నారు. ఆనప, ఆనిగెపు! అంటే మా ఊరి మాటకి మానేరు ఒడ్డున చుట్టాలున్నారన్నమాట, మాకే తెలీదు. ఈ సంగతి గ్రూపులో పెడదామని నేను ఫోన్ తీసేలోపు మా ఆవిడ లాక్కుని చార్జింగ్‌లో పెట్టేసింది.

అందరికంటే అన్యాయం జరిగింది 101 ఆయనకి. వాళ్ళది మదనపల్లె. చిత్తూరు, అనంతపురం వైపు అనపకాయలంటే చిక్కుడు జాతి కాయలు, చలికాలంలో వస్తాయి, గింజలు వొలిచి, నానబెట్టి, పొట్టు పితికి పప్పు చేస్తారు, దాన్ని పితికిపప్పు అనే అంటారు. పాపం ఆయన నా మెసేజ్ హడావుడిగా చదివి, సంక్రాంతి రోజులు కదా, ఎవరో పుణ్యాత్ముడు అనపకాయలు తెచ్చాడని రెండు సంచులు పట్టుకుని లిఫ్ట్ కోసం కూడా ఆగకుండా దిగాడట. కిందకొచ్చి చూస్తే నువ్వు. మూడు కేజీల నువ్వు. "దీర్ఘం మింగి చదివినందుకు నాదే తప్పు" అని గ్రూపులో రాశాడు, ఆ మొత్తం నూట నలభైలో తప్పు ఒప్పుకున్న మెసేజ్ అదొక్కటే.

ఆ తర్వాత గొడవ నిన్ను దాటిపోయింది. కందగడ్డ దగ్గర ఇంకో అరగంట. తెలంగాణలో కందగడ్డ అంటే తియ్యగా ఉండే చిలగడదుంప, రాయలసీమలో దాన్నే గెనుసుగడ్డ అంటారు, మాకేమో కంద అంటే గొంతు దురద పెట్టే ఆ పెద్ద దుంప, బచ్చలి వేసి వండేది. కొత్తగా పెళ్ళయిన ఒకమ్మాయి అత్తగారు కందగడ్డ తెమ్మంటే ఏది తెచ్చిందో, ఏమైందో మొత్తం రాసింది, చాలా బాగా రాసింది, ఎవరూ చదవలేదు. అప్పటికే ఉల్లిపాయ, ఉల్లిగడ్డ, ఎర్రగడ్డ అని మూడు జట్లు దిగిపోయాయి. 206 వాళ్ళు బెంగళూరులో పెరిగినవాళ్ళు, కన్నడంలో సోరెకాయి, తమిళంలో సురైక్కాయ్ అంటారు కాబట్టి సొరే పాత మాట అని మళ్ళీ నీ దగ్గరికి లాక్కొచ్చారు. దానికి 502 సమాధానం: "అయితే అరవ మాటన్నమాట!" గెలవాలనుకున్నవాడికి ఏ ఆధారమైనా రెండువైపులా పదునున్న కత్తిపీటే.

ఇక్కడ నా పక్షానికి నష్టం కలిగించే ఒక నిజం నీకు మాత్రమే చెప్తాను. డాంబికాలు పలికేవాణ్ణి మేం కూడా "సొరకాయ కోతలు కోయకు" అనే అంటాం. ఆనపకాయ కోతలు అని మా జిల్లాలో కూడా ఎవరూ అనగా వినలేదు. కూరకి ఆనప, కోతకి సొర. ఈ పాయింటు 304 ఆంటీ గారికి ఇంకా తట్టలేదు, తట్టిన రోజు నేను గ్రూపులోంచి తప్పుకుంటాను.

మధ్యలో అచ్చ తెలుగు అంకుల్ ఒకాయన వచ్చారు. ప్రతి గ్రూపులో ఒకరుంటారు, గుడ్ మార్నింగ్ మాత్రం ఇంగ్లీషులో పెడతారు. అసలైన, స్వచ్ఛమైన, కల్తీలేని తెలుగులో నీ పేరేమిటో తేల్చాలన్నారు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు అని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, సెప్టెంబరు 9న కాళోజీ గారి పుట్టినరోజున తెలంగాణ భాషా దినోత్సవం, ఈ ఇద్దరూ జీవితమంతా మొత్తుకున్నది జనం మాట్లాడే భాషకి విలువివ్వమనే కదా. రెండు రోజులూ దండలేసి ఫొటోలు పెట్టి, మూడో రోజు "అలా అనకూడదండీ" అని మనిషి నోట్లో మాటని దిద్దుతాం. 1962లోనే భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల నోటి మాటలు ఊరూరా సేకరించి వ్యవసాయ వృత్తి పదకోశం వేశారు. నాగలికీ, కాడికీ, వాటి భాగాలకీ ఏ జిల్లాలో ఏమంటారో రాసుకున్నారు తప్ప ఏది రైటు అని పరీక్ష పెట్టలేదు. అదే పని మా గ్రూపుకి అప్పగించి ఉంటే నాగలి దగ్గరే కొట్టుకుని కాడి దాకా వచ్చేవాళ్ళం కాదు.

అసలు స్వచ్ఛత గురించి మాట్లాడేటప్పుడు నీ పుట్టుక ఎవరైనా అడగాలిగా? నీ మూలం ఆఫ్రికా. ఎండిపోయాక నీళ్ళ మీద తేలుతూ సముద్రాలు దాటావనీ, కొలంబస్ కంటే వేల ఏళ్ళ ముందే అమెరికా చేరావనీ శాస్త్రవేత్తలు చెప్తున్నారు, ఏ వీసా లేకుండా, ఏ కన్సల్టెన్సీకీ డబ్బు కట్టకుండా. మా ఊళ్ళో బావిలో ఈత నేర్చుకునే పిల్లల నడుముకి కట్టింది నీ ఎండు బుర్రనే, వీణకి అటు చివర వేలాడిందీ నీ బుర్రే. ఇంత తిరిగిన కాయకి ఎవరి ఊళ్ళో వాళ్ళు ఒక పేరు పెట్టుకోరా మరి. (నీలో నూటికి 96 పాళ్ళు నీళ్ళేనట. మా వాదనలో అంతకంటే ఎక్కువ.)

జ్యూస్ అంకుల్ గురించి కూడా రాయాలి. పేరు ఏదైనా సరే, రోజూ పరగడుపున నీ రసం తాగితే షుగరు, గుండె, మోకాళ్ళు అన్నీ సర్దుకుంటాయని ఆయన ఆరేడు ఫార్వర్డులు పడేశారు. ఇక్కడ మాత్రం నేను వెటకారం పక్కన పెడతాను. నువ్వు ఒక్కోసారి చేదుగా కాస్తావు, ఆ చేదు విషం. ఆ రసం తాగి మనుషులు చచ్చిపోతే భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని కూర్చోబెట్టి, చేదుగా ఉంటే తాగొద్దు అని చెప్పించాల్సి వచ్చింది. మా అమ్మ తరిగే ముందు చిన్న ముక్క నాలిక మీద పెట్టుకుని చూసేది అందుకే. ఇదే రాశాను గ్రూపులో. నూట నలభై మెసేజ్‌లలో పనికొచ్చేది అదొక్కటని నా నమ్మకం, దానికి వచ్చిన సమాధానం: "ముందు పేరు సరిగ్గా రాయండి."

రెండో రోజు అడ్మిన్ గారు నిద్రలేచారు. ఇరుపక్షాల మనోభావాలూ దెబ్బతినకుండా, ఇకమీదట గ్రూపులో ఈ కూరగాయని "బాటిల్ గార్డ్" అని మాత్రమే రాయాలని తీర్మానం. రెండు తెలుగు మాటలు కొట్టుకుంటే రొట్టె ఇంగ్లీషు పట్టుకుపోయింది. చిత్రం ఏంటంటే దీనికి అందరూ ఒప్పుకున్నారు, అచ్చ తెలుగు అంకుల్ అయితే బొటనవేలు బొమ్మ పెట్టారు.

కానీ మూడో రోజు ఊరి నుంచి వచ్చిన ఒకాయన, పైన మెసేజ్‌లు ఎవరు చదువుతారు, కింద రెండు లైన్లు చూసి ఆందోళన పడ్డాడు. గేటు దగ్గర బాటిల్ గార్డ్ అంటున్నారు, మందు కొట్టని అని కూడా ఎక్కడో ఉంది, మన గార్డు డ్యూటీలో బాటిల్ పెట్టుకుంటున్నాడా, మందు కొట్టాడా లేదా, స్పష్టంగా చెప్పండి, పిల్లలు తిరిగే చోటు అని. దాని మీద ఒక పూటంతా విచారణ. సీసీ కెమెరా చూడాలన్నారు. అసలు సంగతి నేను విప్పి చెప్పేసరికి ఏజెన్సీకి ఫిర్యాదు కూడా వెళ్ళిపోయింది.

సిగ్గేసి కిందకి దిగాను. సెక్యూరిటీ అతనిది ఒడిశా, కటక్ వైపు. నీ పక్కనే ఇంకో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఎండ తగలకుండా నీ మీద తడిపిన గోనెపట్టా కప్పాడు. క్షమించమని నేను నసుగుతుంటే అతను నీ వైపు చూపించి, "సార్, ఈ లావు ఎవరికీ వద్దా?" అన్నాడు.

"అవునయ్యా, లావే. మా అమ్మ పెంట బాగా వేస్తుంది" అన్నాను.

"కాదు సార్. దీని పేరే లావు. మా ఒడియాలో."

నాలుగు రోజుల్లో నీ పేరు చెప్పి, దాంతోపాటు నువ్వు కావాలని కూడా అడిగినవాడు అతనొక్కడే. మూడూ తీసుకెళ్ళమన్నాను. మర్నాడు పొద్దున్న డ్యూటీ దిగిపోతూ చిన్న స్టీలు డబ్బా ఇచ్చాడు. ఎండు రొయ్యలు వేసి, ఆవపిండి పెట్టి వండింది వాళ్ళావిడ. మా అమ్మ ఆనపకాయలో ఎండు రొయ్యలు వేస్తుంది, పనసపొట్టుకి ఆవ పెడుతుంది, రెండూ ఒకే గిన్నెలో ఎప్పుడూ చూడలేదు. మెట్ల మీదే నిలబడి చేత్తో తినేశాను. మా ఆవిడకి ఒక్క ముక్క మిగిల్చాను, తను దాన్ని సోరకాయ అనే అంది. నీ కుశలం అడగలేకపోయింది ఇందుకే.

డబ్బా కడుగుతుండగా ఫోను మోగింది. 304 ఆంటీ గారు, గ్రూపులో కాదు, విడిగా. "బాబూ, ఆ బాటిల్ గార్డ్ ఇంకా ఉందా? దప్పళంలోకి కావాలి."

"డ్యూటీ దిగి వెళ్ళిపోయిందండీ" అని రాశాను.

వచ్చే సంక్రాంతికి అమ్మ డిక్కీ తెరవమంటే నీ బదులు గుమ్మడికాయ పెట్టమందామనుకున్నాను. కానీ 403లో ఢిల్లీ వాళ్ళున్నారు, వాళ్ళకి గుమ్మడికాయ అంటే కద్దూ. పక్క ఫ్లాటు పాతబస్తీ వాళ్ళకి కద్దూ అంటే నువ్వు, పెళ్ళిళ్ళలో నీతోనే ఖీర్ చేస్తారు. అరిసెలు చాలని చెప్తాను.

ఇట్లు,
గ్రూపులో నోరెత్తని,
మీ పాక మీది పాత పరిచయస్తుడు