గేర్‌బాక్స్ దించే ముందు కేబుళ్లు చూడండి

గేరు సరిగా పడడం లేదని చెప్పగానే, బానెట్ కూడా ఎత్తకుండా "గేర్‌బాక్స్ దించాలి" అనే అలవాటు పోవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. నా కారులో మొదటి నాలుగు గేర్లూ చక్కగా పడుతూ, ఒకే వరుసలో ఉండే ఐదో గేరు, రివర్సు మాత్రం పడకుండా పోయినప్పుడు, లోపల పళ్లు అరిగిపోయాయని ఒక మెకానిక్ తేల్చేశారు. అసలు కారణం గేర్ల వరుసను ఎంచుకునే సెలెక్ట్ కేబుల్ చివర, దాన్ని లీవరుకు పట్టి ఉంచే చిన్న ప్లాస్టిక్ బుష్ పగిలిపోవడం.

ఇంజన్ అడ్డంగా అమర్చిన కార్లలో గేరు రాడ్డు నుంచి గేర్‌బాక్సుకు సాధారణంగా రెండు కేబుళ్లు వెళ్తాయి. రాడ్డును పక్కకు జరిపితే ఒకటి గేర్ల వరుసను ఎంచుకుంటుంది, ముందుకో వెనక్కో జరిపితే రెండోది ఆ వరుసలోని గేరు వేస్తుంది. అందువల్ల ఒక వరుస మొత్తం అందడం లేదంటే ముందుగా అనుమానించవలసింది సెలెక్ట్ కేబుల్‌నూ, దాని బుష్‌నూ, సర్దుబాటునూ. మిగతావన్నీ బాగుండి, ఒక్క గేరు మాత్రమే పడేటప్పుడు గరగరమంటుంటే, అప్పుడు గేరు పడే ముందు తిరిగే భాగాల వేగాలను సమం చేసే సింక్రోనైజర్ రింగు గురించి ఆలోచించడం న్యాయం.

పరీక్ష కష్టమైనదేమీ కాదు. చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ ఆపి గేర్లన్నీ వేసి చూడాలి. ఆపినప్పుడు తేలికగా పడి, ఇంజన్ నడుస్తుంటే మొరాయిస్తే, క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. హైడ్రాలిక్ క్లచ్ అయితే ద్రవం తగ్గిందా, లోపల గాలి చేరిందా అన్నది చూడాలి. ఆపినా బిగుతుగానే ఉంటే, గేర్‌బాక్స్ దగ్గర కేబుళ్లను విడదీసి, అక్కడి లీవర్లను చేత్తో కదపాలి. అవి సాఫీగా కదిలి, ప్రతి గేరులోనూ టక్కుమని కూర్చుంటే, తప్పు కేబుళ్లలోనో రాడ్డు అడుగు భాగంలోనో ఉన్నట్టే. ఈ ఒక్క పని చేయకుండా గేర్‌బాక్స్ దించమనడం నా దృష్టిలో నిర్లక్ష్యం.

రాడ్డు వదులుగా ఊగుతుంటే, ఒకరు లోపల కూర్చుని దాన్ని నెమ్మదిగా కదుపుతుండగా మరొకరు బానెట్ కింద చూడాలి. రాడ్డు కదిలిన వెంటనే లీవరు కదలకపోతే మధ్యలో ఎక్కడో బుష్ అరిగింది. యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడల్లా రాడ్డు ముందుకూ వెనక్కూ ఊగితే, ఇంజన్‌ను కారుకు పట్టి ఉంచే మౌంట్లను కూడా చూడక తప్పదు.

బుష్ మార్చడంతో పని అయిపోయిందనుకోకూడదు. ఊడిన కేబుల్‌ను తీగతో కట్టి పంపడం మరీ ప్రమాదం, ఎందుకంటే అది నడిరోడ్డు మీద మళ్లీ ఊడవచ్చు. కొత్త బుష్ వేశాక, రాడ్డునూ గేర్‌బాక్స్ లీవరునూ న్యూట్రల్‌లో నిలిపి, ఆ మోడల్ మాన్యువల్ చెప్పిన పద్ధతిలో కేబుల్ పొడవును సర్దాలి. నా కారుకు అలా సర్దిన రోజు నుంచి ఐదో గేరూ రివర్సూ పడుతున్నాయి, గేర్‌బాక్స్ బోల్టు ఒక్కటి కూడా విప్పవలసిన అవసరం రాలేదు.