సవరణ: లీ మార్విన్ ఆస్కార్ సంగతి

1965 నాటి వెస్టర్న్ కామెడీ 'క్యాట్ బాలూ' గురించి మొన్న రాస్తూ, లీ మార్విన్‌కి సహాయ నటుడిగా ఆస్కార్ వచ్చిందన్నాను. తప్పు. అకాడమీ విజేతల జాబితా చూస్తే, వచ్చింది ఉత్తమ నటుడి అవార్డే. సరిచూసుకోకుండా రాశాను.

తాగుబోతు తుపాకీవీరుడు షెలీన్, వెండి ముక్కు తగిలించుకున్న హంతకుడు స్ట్రాన్, రెండు వేషాలూ ఆయనవే. శవపేటిక దగ్గర వెలుగుతున్న కొవ్వొత్తులు చూసి, మత్తులో పుట్టినరోజు పాట అందుకుంటాడే, అదీ షెలీనే! గోడకు ఒరిగి కాళ్లు మెలేసుకున్న గుర్రం కూడా ఏం తక్కువ తినలేదు. అవార్డులో సగం దానిదేనని మార్విన్ వేదిక మీదే అన్నాడు.

ఇంకొకటి. 'సాగదీశారు' అని మొన్న నేను రాసిన మాట సినిమా మొత్తానికీ అనుకున్నారు కొందరు. నేనన్నది రైలు దోపిడీ తర్వాతి భాగం గురించి. నాట్ కింగ్ కోల్, స్టబీ కే మధ్యమధ్యలో వచ్చి పాటలతో కథ చెప్పే పద్ధతి నాకిప్పటికీ ఇష్టమే. అమెరికా ఆదివాసీలైన సూ తెగ కుర్రాడి పాత్రను ఆ తెగవాడు కాని నటుడితో వేయించడం మాత్రం ఇప్పుడు చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది. మొన్న రాసిన ఆ మాట వెనక్కి తీసుకోవడం లేదు.