టీ కొట్టులో స్టాటిక్

సీ లాంగ్వేజ్ కాస్త చేతికొచ్చింది అనుకునేలోపు రెండో కోడింగ్ కోర్సు పేరుతో జావా వచ్చి నెత్తిన కూర్చుంటుంది. సీలో అయితే ప్రోగ్రామ్ మొదలయ్యే చోటైన మెయిన్ ఒకటి రాసి, అందులో రెండు ఫర్ లూపులు తిప్పేస్తే మార్కులు పడేవి. ఇక్కడ ఏం రాయాలన్నా ముందు క్లాస్ అనే అచ్చు ఉండాలి, దాంట్లోంచి ఆబ్జెక్టులనే బొమ్మలు పుట్టాలి. ఈ గొడవకు మూలం 1960ల నాటి నార్వేలో ఉంది. బయటి ప్రపంచంలో జరిగేదాన్ని కంప్యూటర్లో ఆడించి చూద్దామని డాల్, నైగార్డ్ అనే ఇద్దరు పెద్దమనుషులు సిములా అనే భాషను తయారుచేశారు. వాళ్లు విశాఖ మద్దిలపాలెంలో మా బాబాయ్ టీ కొట్టును ఒక్కసారి చూసి ఉంటే ఆ ఆలోచన అక్కడే మానుకునేవారు.

మా రూమ్మేటుకి మినీ ప్రాజెక్ట్ ఇచ్చారు. కాలేజీలో వారాల తరబడి జావా ఉదాహరణల్లో జంతువు నుంచి కుక్క, కుక్క నుంచి బొచ్చుకుక్క పుట్టడమే చూశాడేమో, వాడికి జంతువుల మీద విరక్తి కలిగింది. "నిజంగా పనికొచ్చేది చేస్తాను రా" అని బాబాయ్ ఖాతా పుస్తకం మీద పడ్డాడు. ఆ పుస్తకంలో పేర్లుండవు. 'మెడికల్ షాపు', 'ఆటో పొడుగు', 'మేడ మీద కళ్లజోడు', ఇలా ఉంటాయి. పక్కన బాకీ. అట్ట మీద అల్లం టీ మరక.

మావాడు ఖాతాదారు అని క్లాస్ కట్టాడు. లోపల పేరు, బాకీ, టీ రేటు. మెయిన్ కూడా అందులోనే పెట్టి, అక్కడి నుంచి నేరుగా బాకీని ముట్టుకున్నాడు. కోడ్‌ని తనిఖీ చేసి మెషిన్‌కి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఒప్పుకోలేదు. నాన్ స్టాటిక్ వేరియబుల్‌ని స్టాటిక్ కాంటెక్స్ట్‌లో వాడకూడదంది, అంటే ఒక్కో ఆబ్జెక్టుకి విడిగా ఉండేదాన్ని ఆబ్జెక్టే లేని చోట ముట్టుకోవద్దని. అది చెప్పేది న్యాయమే. మెయిన్ స్టాటిక్, ఏ ఆబ్జెక్టూ పుట్టకముందే నడుస్తుంది. అలాంటప్పుడు బాకీ అంటే ఎవరి బాకీ? కానీ అర్ధరాత్రి, ఆ ఉక్కపోతలో, న్యాయం ఎవడికి కావాలి? బాకీ ముందు స్టాటిక్ అని రాశాడు. తప్పు చూపే ఎర్ర గీత పోయింది. పేరు ముందూ, టీ రేటు ముందూ రాశాడు. ఆ గీతలూ పోయాయి. జలుబు నుంచి నడుం నొప్పి దాకా అన్నింటికీ ఒకటే మాత్ర వేసే ఆర్‌ఎంపీ వైద్యంలా అనిపించింది నాకు. అయినా రోగి లేచి తిరుగుతున్నాడు కదా అని ఊరుకున్నాను.

మర్నాడు సాయంత్రం లాప్‌టాప్ తీసుకెళ్లి బిస్కెట్ డబ్బాల పక్కన పెట్టాడు. ఆటోవాళ్లు చుట్టూ మూగారు. ఖాతా మొత్తం వరసగా ఎక్కించాడు. పుస్తకంలో ఆఖరి పేరు కొట్టున్న షెడ్డు ఓనరు గారిది. ఆయనకి టీ ఎప్పుడూ ఊరికినే, కాబట్టి బాకీ సున్నా. మావాడు రన్ నొక్కాడు.

ఓనరు గారు, 0.
ఓనరు గారు, 0.
ఓనరు గారు, 0.

స్క్రీన్ కిందిదాకా ఓనరు గారే. స్టాటిక్ అంటే క్లాస్ మొత్తానికీ ఒక్కటే గది. ఎంతమంది ఆబ్జెక్టులు పుట్టినా అందరూ ఆ గదిలోనే రాస్తారు, ఆఖరున రాసినవాడిదే మిగులుతుంది. మెడికల్ షాపు వచ్చింది, ఆటో పొడుగు వచ్చి దాన్ని చెరిపేశాడు, చివరికి ఓనరు గారు వచ్చి అందరినీ చెరిపేశారు.

ఆటోవాళ్లు చప్పట్లు కొట్టారు. ఒకాయన అప్పటికప్పుడు ఇంకో టీ చెప్పాడు.

బాబాయ్ గరిట పట్టుకుని వంగి చూశాడు. "ఏటి బాబూ, నా కొట్టుకి ఇంతమంది ఓనర్లేటి? ఒకాయనకి ఊరికినే పోసినందుకే నడుం ఇరిగిపోతంది."

మావాడికి రోషం వచ్చింది. ఆ రాత్రే మెయిన్‌ను వేరే క్లాసులోకి మార్చి, కనిపించిన స్టాటిక్‌నల్లా పీకేశాడు. పేర్లు ఎవరివి వాళ్లకొచ్చాయి, బాకీలు కూడా. పీకడంలో ఉత్సాహం ఎక్కువై టీ రేటు ముందున్నదీ పీకాడు. నిజానికి స్టాటిక్‌గా ఉండాల్సింది అదొక్కటే, కొట్టుకి వేలాడే రేట్ల బోర్డు ఒక్కటే ఉంటుంది గనక. ఇప్పుడు ప్రతి ఖాతాదారుడికీ సొంత రేటు.

ఇదంతా ఎప్పుడు బయటపడాలో అప్పుడే బయటపడింది. పాల ధర పెరిగిందని బాబాయ్ టీని 10 రూపాయల నుంచి 12కి పెంచాడు. మావాడు దర్జాగా పుస్తకంలో మొదటి ఖాతాకి రేటు మార్చి, అందరికీ మారిపోయిందని ప్రకటించాడు. మారింది మెడికల్ షాపు ఆయనకి ఒక్కడికే. ఆటోవాళ్లు స్క్రీన్ మీద 10 చూపించి, కంప్యూటరే చెప్తోంది కదా అని పది రూపాయల నోట్లు తీశారు. మెడికల్ షాపు ఆయన మాత్రం గ్లాసు ఠక్కున పెట్టి, "అందరికీ పది, నాకొక్కడికే పన్నెండా?" అన్నాడు.

మావాడి ప్రాజెక్ట్‌కి మార్కులు బాగానే పడ్డాయి. 340 రూపాయల బాకీ ఉన్న మెడికల్ షాపు ఆయన మాత్రం ఇప్పుడు ఎదురు కొట్టులో కాఫీ తాగుతున్నాడు.