శక్తి మంజూరైంది, వినియోగం శూన్యం

ఆడిట్‌లో 31 ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి చేతికి కథల పుస్తకం ఇవ్వకూడదు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్క మనవరాలికి తప్ప. మొన్న సెలవుల్లో అది ఆరు పుస్తకాలు తెచ్చి నా బల్ల మీద పడేసింది. "తాతయ్యా, పెద్ద మాంత్రికుడి జీవితమంతా ఇందులో ఉంది, చదువు" అంది. ఎర్త్‌సీ అనే ద్వీపాల లోకం, గెడ్ అనే మాంత్రికుడు, రాసినావిడ అమెరికా రచయిత్రి ఉర్సులా కె. లె గ్విన్. సరే కదా అని ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

పేరు దగ్గరే మొదటి అభ్యంతరం. చిన్నప్పటి పేరు డనీ. జనం పిలిచేది స్పారోహాక్. గురువుగారు చెవిలో చెప్పిన అసలు పేరు గెడ్. ఇన్ని పేర్లున్న మనిషికి ఏ ట్రెజరీలో బిల్లు పాసవుతుంది? మా ఆఫీసులో ఒకాయన పేరు టెన్త్ సర్టిఫికెట్లో సత్యనారాయణ, సర్వీసు రిజిస్టర్లో సత్యన్నారాయణ. ఒక్క నావత్తు ఎక్కువైన పాపానికి పెన్షన్ కోసం ఏడాదిన్నర తిరిగాడు. పైగా ఎర్త్‌సీలో అసలు పేరు ఎవరికీ చెప్పకూడదట, తెలిసినవాడి గుప్పిట్లోకి మనం వెళ్ళిపోతామట. ఓటీపీ లాంటిదన్నమాట. దీన్ని మాత్రం నేను తప్పుపట్టను. మా అమ్మ కూడా నా జన్మనామం ముహూర్తాలు పెట్టే పంతులుగారికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

అసలు అవకతవక తర్వాత మొదలవుతుంది. కుర్రాడికి ఏడేళ్ళప్పుడు, పిన్ని నోటివెంట విన్న నాలుగు ముక్కలు మేకల ముందు అంటాడు. మేకలన్నీ వచ్చి చుట్టూ మూగి, కొమ్ములతో ఒరుసుకుంటూ, ఊళ్ళో దాకా వదలకుండా నడుస్తాయి. అంటే శక్తి మంజూరైనట్టే. ఇక వినియోగం చూద్దామని నేను ఆత్రంగా పేజీలు తిప్పాను.

గురువు ఓజియన్. భూకంపాన్ని ఆపిన ఘనుడు. శిష్యుణ్ణి వెంటబెట్టుకుని కొండల్లో నడుస్తుంటే వాన పట్టుకుంది. ఆ లోకంలో మబ్బుని పక్కకి తోలడం గల్లీ మంత్రగాడికి కూడా వచ్చు. ఈయన ఏం చేశాడు? దట్టమైన చెట్టొకటి చూసుకుని, దాని కింద పడుకున్నాడు. కుర్రాడు తడిసిన పొదల్లో ముణగదీసుకుని, వాడుకోని శక్తి ఎందుకని లోపల్లోపల గొణుక్కున్నాడు. ఆ కుర్రాడి పక్కన నేనూ తడుస్తూ కూర్చున్నట్టే అనిపించింది. మార్చి 31 లోపల ఖర్చు పెట్టకపోతే నిధులు మురిగిపోతాయని ఆ గురువుగారికి ఎవరూ చెప్పలేదా? మా జిల్లాలో మార్చి నెలాఖరున ఎండిన చెరువుకి కూడా ఈత ట్యూబులు కొన్నారు. అదీ వినియోగమంటే!

రోక్ ద్వీపంలో మాంత్రికుల బడి ఉంది. అక్కడైనా బాగుపడతాడనుకున్నాను. పేర్లు బట్టీ పట్టించే గురువు రోజుకో కాగితం ఇస్తాడు, అర్ధరాత్రికల్లా సిరా మాయమవుతుంది, ఆలోపు నోటికి రావాలి. ఈ పద్ధతి నాకు నచ్చింది. మన ఇంటర్ కాలేజీల వాళ్ళకి ఇంకా తట్టలేదు, తడితే పిల్లల సంగతి అంతే. కానీ అదే బడిలో ఇంకో గురువు, గులకరాయిని నిజంగా వజ్రం చెయ్యొద్దు, దానివల్ల లోకంలో ఏం మంచి జరుగుతుందో ఏం చెడు జరుగుతుందో తెలిసేదాకా ఇసుక రేణువుని కూడా మార్చొద్దు అంటాడు. ఈ లెక్కన మనవైపు ఒక్క వెంచరైనా లేచేదా?

ఈలోగా జాస్పర్ అనే సహాధ్యాయితో పంతానికి పోయి, వెయ్యేళ్ళ కిందట చనిపోయిన రాణిని పిలిచాడు మనవాడు. ఆ పిలుపుతో లోకానికి పడ్డ సందులోంచి ఓ నల్లటి నీడ బయటపడి వాడి మొహం చీరేసింది. సందు పూడ్చబోయి బడి పెద్ద నెమ్మెర్ల్ ప్రాణం వదిలాడు. ఛార్జ్ మెమో లేదు, సస్పెన్షన్ లేదు. పుస్తకం చివర సముద్రం అంచున నీడ ఎదురుపడితే, దాని పేరు కూడా గెడ్ అనే తేలింది. ఫిర్యాదుదారు, ముద్దాయి ఒక్కడే అయిన ఫైలు నా సర్వీసులో చూడలేదు. నిజం చెప్పొద్దూ, ఆ పేజీ రెండుసార్లు చదివాను, సంతకం పోల్చడానికే.

మధ్యలో పెండార్ ద్వీపంలో ముసలి డ్రాగన్‌ని పేరు పెట్టి పిలిచి లొంగదీశాడు. దాని కింద ఎంత బంగారముందో ఏమో, పంచనామా లేదు, ఒక్క నాణెం జమ లేదు. మళ్ళీ ఇటు రాకూడదని మాట తీసుకుని పడవెక్కేశాడు!

మూడో పుస్తకం మాత్రం నేను సహించలేను. అప్పటికి ఆయన మాంత్రికులందరికీ అధిపతి. ఇన్నేళ్ళు పొదుపు చేసిన శక్తినంతా ఒక్క పనికి ఖర్చు చేశాడు. ఏమిటా పని? చావుకీ బతుకుకీ మధ్య తెరిచిపెట్టిన ఓ తలుపు మూయడం. టెండర్ లేదు, ఎస్టిమేట్ లేదు. మొత్తం బడ్జెట్ ఒక తలుపుకి! అమెరికాలో దీని మీద విచారణ వేయలేదు సరికదా, 1973లో ఈ పుస్తకానికే నేషనల్ బుక్ అవార్డు ఇచ్చారు.

రచయిత్రి తీరూ అంతే. 1968, 1971, 1972లో మూడు పుస్తకాలు రాసి ఫైలు మూశారు. 18 ఏళ్ళ తర్వాత 1990లో తెరిచి, ఎర్త్‌సీ చివరి పుస్తకం ఇదే అని వేయించారు. 2001లో మరో రెండు వచ్చాయి. రిటైరయ్యాక ఎక్స్‌టెన్షన్ అడిగేవాళ్ళని మా శాఖలోనే చూశాను.

శక్తంతా పోయిన మాంత్రికుడు ఎక్కడికెళ్ళాడంటే, మొదటి పోస్టింగుకే. సొంత గాంట్ ద్వీపంలో కొండ మీద మేకలు కాశాడు. ఏడేళ్ళప్పుడు మంత్రంతో పిలిచిన మేకల్ని ఈసారి మామూలుగా, కేకలేసి తోలుకోవాలి. ఆ మేకలు మాట విన్నాయో లేదో రికార్డులో లేదు.

"తాతయ్యా, నువ్వు చదువుతున్నావా, ఇన్‌స్పెక్షన్ చేస్తున్నావా?" అంది మనవరాలు.

"ఆఖరి పుస్తకంలో ఉన్నానే" అన్నాను. అందులో ఎవరో దూరం నుంచి సాయం కోసం వెతుక్కుంటూ వస్తాడు. లోకాన్ని నిలబెట్టిన మాంత్రికుడు ముసలివాడై ఇంటి దగ్గర ప్లమ్ పళ్ళు కోసుకుంటూ ఉంటాడు. ఆ పళ్ళు ఎన్ని, చెట్టు ఎవరి పేరు మీద ఉంది, వచ్చినవాడికి ఏ పద్దు కింద పెట్టాడు, ఎక్కడా రాయలేదు.

ఆడిట్ పేరా పెండింగులో పెట్టాను. పుస్తకం మాత్రం ఇంకా తిరిగివ్వలేదు.