రక్తం రిపోర్టు చూసి పిల్లలకి డ్రిప్పులు ఎక్కించకండి

శ్రీకాకుళం జిల్లాలో ఒక భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేస్తున్నాను. ఈమధ్య ఆటిజం (మాట, నలుగురితో కలవడం కష్టమయ్యే ఎదుగుదల తేడా) ఉన్న పిల్లల తల్లులు సంచీలోంచి కొత్తరకం కాగితాలు తీస్తున్నారు. విశాఖలో ఎక్కడో చేయించిన రక్తపరీక్ష. ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఎక్కువ, గ్లూటాథయోన్ తక్కువ అని ఉంటుంది. దాని వెనకే ప్యాకేజీ: విటమిన్ డ్రిప్పులు, ఒంట్లో లోహాలు తీసేసే కీలేషన్, ఆక్సిజన్ ఛాంబర్. "రక్తంలోనే ఉందంట మేడం, కడిగేస్తే గుంటడు మాటాడతాడంట" అంది ఒకావిడ. పుస్తెలతాడు తాకట్టు పెట్టి మొదటి విడత కట్టేసింది. ఆ రోజంతా నాకు కోపం చల్లారలేదు.

అందులో కొంత నిజం ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు. కణాల్లో మైటోకాండ్రియా శక్తిని తయారుచేసేటప్పుడు హాని చేసే ఆక్సిజన్ అణువులు కూడా పుడతాయి. గ్లూటాథయోన్ లాంటివి వాటిని అణచిపెడతాయి. ఆ అదుపు తప్పడమే ఆక్సిడేటివ్ స్ట్రెస్. అప్పుడు కణాల్లోని కొవ్వులు, ప్రొటీన్లు, డీఎన్‌ఏ దెబ్బతింటాయి. ఒంటి బరువులో 2 శాతమే ఉండే మెదడు ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం వాడుకుంటుంది కాబట్టి దానికి ముప్పు ఎక్కువ. 2004లో అమెరికాలో జిల్ జేమ్స్ బృందం ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్ని పరీక్షించి, వాళ్ల రక్తంలో గ్లూటాథయోన్ తక్కువుందని చూపించింది. తర్వాత ఇంకా చాలామంది ఇలాంటి తేడాలే చూశారు.

కానీ అది ఆటిజానికి కారణమా, దాంతోపాటు వచ్చిన మార్పా అన్నది తేలలేదు. కిడ్నీ జబ్బులతో అల్లాడుతున్న మన ఉద్దానం వాళ్లకి ఈ సంగతి వేరే చెప్పాలా? కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఎక్కువైందని రిపోర్టు చెప్తుంది. ఎందుకు పెరిగిందో ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా ఖాయంగా ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఆటిజాన్ని నిర్ధారించే రక్తపరీక్ష అయితే అసలు లేనే లేదు. పిల్లల ప్రవర్తన, ఎదుగుదల చూసే చెప్తారు.

ఆ కీలేషన్ మందు కిడ్నీల్ని దెబ్బతీయగలదు. 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆటిజం ఉన్న అయిదేళ్ల బాబు అదే ఎక్కిస్తుండగా ఒంట్లో కాల్షియం పడిపోయి, గుండె ఆగి చనిపోయాడు. కిడ్నీ జబ్బు పేరు వింటేనే ఒణికిపోయే జిల్లాలో పసిపిల్లల నరాల్లోకి ఇది ఎక్కిస్తున్నారంటే ఏమనాలి?

ఇంకో బాధ, ఇలాంటి రిపోర్టు ఇంటికి రాగానే నింద తల్లి మీదకే పోతుంది. గ్రహణంలో బయట తిరిగిందని, జ్వరానికి మాత్ర వేసుకుందని. 2019లో అయిదు దేశాల్లో 20 లక్షల మంది వివరాలు పరిశీలిస్తే, ఆటిజం రావడంలో ఉండే తేడాల్లో దాదాపు 80 శాతం జన్యువులకే చెందుతుందని తేలింది. తల్లిదండ్రుల వయసు ఎక్కువ కావడం (తండ్రి వయసు కూడా, అత్తగార్లు వినాలి), నెలలు నిండకుండా కాన్పు, గర్భిణికి షుగర్, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్, ఇవన్నీ రిస్కును కొంత పెంచుతాయంతే. మూర్ఛకి వాడే వాల్‌ప్రొయేట్ విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. దాని రిస్కు స్పష్టంగా తెలిసిందే. ఆ మందు వాడుతున్నవాళ్లు గర్భం అనుకోకముందే డాక్టర్‌తో మాట్లాడాలి, సొంతంగా మానేయకూడదు. గర్భిణులు జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ గురించైతే 2024లో స్వీడన్‌లో సుమారు 25 లక్షల మంది పిల్లల వివరాలు చూశారు. ఒకే తల్లి బిడ్డల్ని పోల్చినప్పుడు ఆటిజంతో సంబంధమే కనపడలేదు.

పేరు పెట్టి పిలిస్తే తిరగట్లేదా, ఏడాదిన్నర దాటినా వేలు చూపించి అడగట్లేదా? "మగపిల్లలకి మాటలు ఆలస్యం" అని కూర్చోకండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్స కేంద్రం ఉంటుంది, డీఈఐసీ అంటారు. డబ్బు కట్టక్కర్లేదు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు నేర్పే చికిత్స) నెలల తరబడి సాగే పని. ఇంట్లో కూడా రోజూ ఆడించాలి, మాట్లాడించాలి. పాలకొండ, మెళియాపుట్టి వైపు నుంచి కూలి మానుకుని, రెండు బస్సులు మారి వచ్చే తల్లులున్నారు. వాళ్లకి కావాల్సింది మండలంలోనే వారానికి రెండు రోజులు కూర్చునే స్పీచ్ థెరపిస్టు. మన ఎమ్మెల్యేల్ని అది అడుగుదాం, నాతో ఎవరొస్తారో కింద చెప్పండి.