ఎడమ భుజమా, కుడి భుజమా?

నాకు పుణె బదిలీ అయింది. అక్కడ ఆఫీసులో అంతా ఇంగ్లీషేనట. మా ఆవిడ పోరు పడలేక హనుమకొండ నయీంనగర్‌లో ఒక స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరాను. టిఫిన్ సెంటర్ పైన రేకుల షెడ్డు. కింద తాలింపు వేస్తే పైన క్లాసంతా తుమ్ములు. లోపల తెలుగు ముక్క వినపడితే పది రూపాయల ఫైను, హుండీలో వేయాలి. దాని తాళంచెవి సారు దగ్గరే ఉంటుంది.

నిన్నటి పాఠం, కొత్త చోట అలవాటు పడటం. అడ్జస్ట్, కోప్, సెటిల్ డౌన్, హోమ్‌సిక్ అయిపోయాయి. 'గెట్ యూజ్డ్ టు' తర్వాత క్రియకు ఐఎన్‌జీ తగిలించాలట. ఉత్త 'యూజ్డ్ టు' అయితే మానేసిన పాత అలవాటట, దానికి ఐఎన్‌జీ అక్కర్లేదు. పుణె వెళ్లిపోయినట్టు అనుకుని, అక్కడ ఎలా ఉందో చెప్పమని సారు నన్ను లేపాడు. "ఐ యామ్ గెటింగ్ యూజ్డ్ టు..." అన్నానో లేదో, ట్యూబ్‌లైటు మీంచి బల్లి వచ్చి భుజం మీద పడింది.

"అమ్మా" అంటే పది. "ఓరి దేవుడా" అంటే రెండు మాటలు, ఇరవై పడుతుందేమో. ఇంగ్లీషులో భయపడటం ఇంకా సిలబస్‌లోకి రాలేదు, అది అడ్వాన్స్‌డ్ కోర్సులో, ఫీజు వేరే. నోరు తెరిచి అట్లాగే నిలబడ్డాను. బల్లికీ నా భుజం కొత్తే, కానీ నాకంటే త్వరగా సెటిలైంది. కాలరెక్కి కూర్చుంది.

పక్క బెంచీ ఆయన ఉండబట్టలేక "అన్నా, ఎడమ భుజమా, కుడి భుజమా?" అన్నాడు. పది. పోతే పోయిందని పూర్తి చేశాడు: "కుడి అయితే కష్టం, ఎడమ అయితే పదిమందిల అగౌరవం. పంచాంగంల ఉంటది." ఇంకో పది. పడింది ఎడమ మీదే. క్లాసులో పదిమందికి పైనే ఉన్నాం. కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని ముట్టుకుని వచ్చినవాళ్లను తాకితే దోషం పోతుందని వెనకనుంచి ఒకామె చెప్పి, తనే లేచి హుండీ వైపు నడిచింది.

సారు మాత్రం కదల్లేదు. "గుడ్ సిచువేషన్! కంప్లీట్ ద సెంటెన్స్" అన్నాడు.

"...లివింగ్ విత్ లిజర్డ్."

"లిజర్డ్స్. ప్లూరల్."

"ఒక్కటే ఉంది సార్!" అని మొత్తుకున్నాను. పది.

వెళ్లేటప్పుడు ఫైనుకు రసీదు అడిగితే ఇంగ్లీషులో అడగమన్నాడు. అడిగాను.

"రేపిస్త తియ్యన్నా" అన్నాడు.